పాలమూరు సీమలో లావు అక్షరము

ఒడిలో పెట్టుకొని చదువుకొను అక్షరము వేఱు, వీథిలో నడచిపోవువానిని నిలువవేయు అక్షరము వేఱు. చిన్న అక్షరమును పెంచి పెద్దది చేసినంతమాత్రమున అది శీర్షికకు చాలదనియు, దాని గీతలు బలిసియుండియు లోపలి తెల్లని యెడములు మూసికొనిపోక, తలయు పాదమును తేటగా తెగియున్నగాని దూరపు కన్నునకు అది యందదనియు అచ్చుకూటములలో పనిచేసినవారందఱును ఎఱుగుదురు. ప్రెస్సువారు బోల్డు అనియు, హెడ్డింగు టైపు అనియు పిలుచు ఈ లావు అక్షరము, ఆఱవ నిజామగు మీర్ మహబూబ్ అలీఖాను పేరుమీదుగా 1890లో మహబూబ్‌నగరమైన మన పాలమూరునకును, దాని పొరుగుననున్న నల్లగొండకును ఏ దారిని వచ్చినదో, ఎవరి చేతులలో ఎట్టి పనులు చేసినదో చెప్పుకొనదగియున్నది. ఆ కథ చెప్పుటకు ముందు ఒకమాఱు లండను నగరము దాక పోయిరాక తప్పదు.

ఐరోపాలో సైతము లావు అక్షరము అచ్చుతోపాటు పుట్టినది కాదు. గూటెన్‌బర్గు కాలమునుండి సుమారు 350 ఏండ్లపాటు అచ్చటి ముద్రాపకులు ఒక మాటను ఎత్తిచూపవలసివచ్చినప్పుడు దానిని వాలు అక్షరములలోనో, పెద్దబడిలోనో కూర్చి తృప్తిపడుచుండిరి. 19వ శతాబ్ది యారంభమున లాటరీ చీట్లవారును, నాటకశాలలవారును, మందుల వర్తకులును లండను గోడల నిండ ప్రకటనలు అంటింప మొదలిడిన పిదపనే రాబర్టు థార్న్ మొదలగు టైపు పోతపనివారు గీతలను మితిమీఱ బలియించిరి. విన్సెంట్ ఫిగ్గిన్స్ అనునాతడు గీతల కొసలయందుండు సన్నని సెరిఫులను చదరపు దిమ్మెలుగా మార్చి, ఆ టైపును యాంటీక్ అను పేర విక్రయించెను. ఇవి యన్నియు గోడలకు చెల్లినవేగాని పుస్తకమునకు చెల్లలేదు. 1845లో ఫాన్ స్ట్రీట్ పోతశాలకు చెందిన రాబర్టు బెస్లీ, బెంజమిన్ ఫాక్స్ అను చెక్కుడుపనివానిచేత చేయించిన క్లారెండన్ టైపుతో ఆ కొఱత తీఱెను. అందలి దిమ్మెసెరిఫులు గీతతో మెత్తని వంపుగా కలిసియుండుటచేతను, సామాన్యాక్షరముల ప్రక్కన ఒకే పంక్తిలో ఇముడునట్లు కొలిచి చేయబడుటచేతను, నిఘంటువులలో ఆరోపపదములకు అది యతికినట్లు సరిపోయెను. ఆంగ్లేయ చట్టము ననుసరించి బెస్లీ దానిపై మూడేండ్ల హక్కు సంపాదించెను. ఆ గడువు తీఱినదో లేదో తక్కిన పోతశాలలన్నియు దానికి మాఱురూపములు పోసి అంగడిలో పెట్టినవి. అనగా లావు అక్షరమునకు పుట్టుకచోటు గోడ. మర్యాద లభించినచోటు నిఘంటువు.

తెలుగు అక్షరమునకు సెరిఫు లేదు. దానికి సమీపమున నున్నది తలకట్టు. కాని రెంటికిని ఒక పెద్ద యంతరము కలదు. సెరిఫు తీసివేసినను ఆంగ్లాక్షరము ఆ యక్షరమే. తెలుగున తలకట్టు పోయిన చోట గుడియో, ఏత్వమో, మఱొక స్వరచిహ్నమో వచ్చి కూర్చుండును, ఉచ్చారణయే మాఱిపోవును. పైగా ఖ, జ, ట, ణ, బ, ల, ఱ మొదలగు కొన్ని హల్లులకు తలకట్టే లేదు. కావున తెలుగు శీర్షికను లావుగా కూర్చినప్పుడు, ఆంగ్లమునందువలె పై అంచున సమమైన బారు ఏర్పడక, కొన్ని తలలు వాలుగీటులతోను, కొన్ని బోడిగాను నిలుచును. ఇది దోషమని కొందఱు తలంతురు గాని, నా దృష్టిలో తెలుగు శీర్షికకు గల కదలిక అంతయు ఆ యెగుడుదిగుడులలోనే యున్నది.

ఈ తలకట్టు పెరిగిన దారిని కన్నులార చూడవలెనన్నచో పాలమూరు సీమను మించిన చోటు లేదు. తుంగభద్రా తీరమున అలంపురమునందు బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మాలయములును, వారి శాసనములును కలవు. 7, 8 శతాబ్దుల నాటి ఆ లిపిలో తెలుగునకును కన్నడమునకును ఇంకను ఎడబాటు లేదు; అక్షరపు తలపై నున్నది చిన్న యడ్డగీటు మాత్రమే. అచ్చటినుండి ఉత్తరముగా వచ్చి, కాకతీయుల సామంతులై వర్ధమానపురమును ఏలిన గోన వంశమువారి కాలపు బూదపూరు శాసనములను చూతుమేని, 13వ శతాబ్ది నాటికి ఆ యడ్డగీటు వాలి, ఎగసి, నేటి తలకట్టునకు చుట్టమైనది. కన్నడలిపి అడ్డగీటునే నిలుపుకొన్నది. తెలుగు వాలుగీటును పట్టుకొన్నది. శిలాక్షరము స్వభావముచేతనే లావైనది. ఉలి సన్నని గీతను ఓర్వదు. వానకు ఎండకు నిలువవలసిన దానశాసనమునకు లోతును వెడల్పును అక్కఱ. భూమి సరిహద్దును, శాపవాక్యమును అందఱి యెదుట నిలువబెట్టుటకు పుట్టిన ఆ యక్షరమును మన సీమ మొదటి గోడపత్రిక యనినను తప్పులేదు.

తాటాకు దీనికి పూర్తిగా విరుద్ధము. గంటముతో గీచి మసిపూసిన గీతకు అంతటను ఒకటే వెడల్పు. అందు లావునకును సన్నమునకును తావు లేదు. అడ్డముగా బలముగా గీచినచో ఆకు చీలును. అందుచేతనే మన యక్షరములు గుండ్రనైనవని పెద్దలందురు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానములలో పండితులు తరతరములుగా చదివి వ్రాసినది ఇట్టి సమరేఖాలిపియే. ఎదుట కూర్చున్న శిష్యునకు వినిపించుటకు ఉద్దేశించిన గ్రంథమునందు ఒక మాటను మఱొక మాటకంటె లావుగా వ్రాయవలసిన పని యేమున్నది? కంఠమే ఆ పని చేయుచుండెను.

తెలుగు అక్షరము సీసములోనికి దిగినది మన దేశమున కాదు. మద్రాసున మతబోధకుడుగా నుండి స్వదేశమునకు మరలిన బెంజమిన్ షుల్జ్ 1746లో జర్మనీయందలి హాలె నగరమున తెలుగు టైపు పోయించి చిన్న పుస్తకములు అచ్చొత్తించెను. పిదప శ్రీరామపురపు మిషనరీలును, 1812లో వెలసిన చెన్నపురి సెంట్ జార్జి కోట కళాశాలవారును ఆ పనిని ముందునకు సాగించిరి. క్యాంబెల్ దొర తెలుగు వ్యాకరణము 1816లోను, బ్రౌను దొర తెలుగు నిఘంటువు 1852లోను మద్రాసున అచ్చుపడినవి. 1854లో వావిళ్ల రామస్వామిశాస్త్రులు అచ్చుకూటమును స్థాపించినది మొదలు తెలుగు ప్రాచీన గ్రంథముల యచ్చునకు ఒక స్థిరమైన పద్ధతి యేర్పడెను: మూలపద్యము పెద్ద టైపులో, టీకాతాత్పర్యములు చిన్న టైపులో. లావు టైపు లేని లోటును పరిమాణభేదముతో తీర్చుకొన్న ఉపాయమిది. మాబోటి వారు పద్యము నేర్చినది ఈ పెద్ద చిన్న టైపుల పుటలలోనే. నేటికిని టీక లావుగాను మూలము సన్నముగాను ఉన్న పుస్తకమును చూచినచో నా కన్నునకు తలక్రిందులుగా తోచును.

లావు టైపు చేయుట తెలుగున ఏల కష్టమో ఒకింత వివరింపవలసియున్నది. గీతను బలియించుటకు మార్గములు రెండే: వెలుపలికి పెంచుటయో, లోపలికి పెంచుటయో. వెలుపలికి పెంచినచో అక్షరము వెడల్పై, పంక్తికి నాలుగు మాటలు పట్టుచోట మూడే పట్టును. లోపలికి పెంచినచో ఝ, ఘ వంటి యక్షరముల కడుపులలోని తెల్లని యెడములు పూడిపోవును; థకారపు నడిమి చుక్క గీతలలో కలిసి ధకారమై, ఠకారపు చుక్క మాయమై రకారమగును; ఛ, ఢ, ఫ, భ మొదలగు ఒత్తక్షరముల క్రింది నిలువుగీటు మసిమరకగా మిగులును. ఇక వత్తులమాట చెప్పనేల! శీర్షికలకు ఎక్కవలసిన మాటలన్నియు వత్తుల బరువుతోనే పుట్టినట్లున్నవి. ప్రజాస్వామ్యము, సంస్థానము, మంత్రివర్గము, అన్నిటికి మించి రాష్ట్రము, స్వాతంత్ర్యము. ఒకదాని క్రింద మఱొకటిగా వ్రేలాడు రెండు వత్తులకును తల్లియక్షరమంత లావునిచ్చినచో క్రింది పంక్తి తలకట్లపై పడును. వత్తులను సన్నముగా విడిచినచో మేడ పెద్దదై స్తంభము చిన్నదైనట్లగును. చెక్కుడుపనివారు వీని మధ్య ఒక రాజీ కుదుర్చుకొని, వత్తును అక్షరము క్రింద గాక కుడిదెసకు జరిపి, కొంచెము చిన్నది చేసి పోసిరి. పాత పత్రికల శీర్షికలలో వత్తులు ప్రక్కకు ఒదిగియుండుటకు కారణమిదియే.

ఇప్పుడు హైదరాబాదు రాజ్యమునకు వత్తము. అచ్చట రాజభాష ఉరుదూ. నస్తాలీఖు లిపి సీసపు టైపునకు లొంగనిదగుటచే ఉరుదూ పత్రికలు రాతియచ్చున వెలువడుచుండెను. కాతిబు అను వ్రాయసకాడు పసుపుపూసిన కాగితముపై కలముతో వ్రాసినదానిని రాతిపైకి ఎక్కించి అచ్చొత్తుట ఆ పద్ధతి. అందు ఒక సౌకర్యము కలదు, దానిని తెలుగువారు గమనించినట్లు తోచదు. శీర్షిక లావుగా కావలసినచో కాతిబు వెడల్పు పాళీగల మఱొక కలమును చేతికి తీసికొనును. అంతటితో పని తీఱును, ఒక్క కానియు అధికవ్యయము లేదు. తెలుగు పత్రికవానికి అట్లు కాదు. హల్లులు, గుణింతములు, వత్తులు అన్నియు కలిసి కొన్ని వందల రకముల అచ్చులతో కూడిన మఱొక పూర్తి టైపును, తూకము చొప్పున వెల యిచ్చి, దూరదేశమునుండి తెప్పించుకొనవలెను. దానికి వేఱుగ కేసులు చేయించవలెను. కంపోజిటరు ఆ కేసులలోని గదులన్నిటిని చేతికి అలవాటు చేసికొనవలెను. ఒక సంవత్సరమునకు ఎన్నిమార్లు వాడుదుమో తెలియని అక్షరములకై ఇంత సీసము కొనగల తెలుగు ముద్రాపకులు నిజాము రాజ్యమున ఎందఱు?

ఇట్టి పరిస్థితులలో 1913లో మహబూబ్‌నగరమునుండి బండారు శ్రీనివాసశర్మగారి సంపాదకత్వమున హితబోధిని అను మాసపత్రిక వెలువడెను. ఆనాడు తెలంగాణమున తెలుగు పత్రికయన్నమాటయే అరుదు. జిల్లాపట్టణమునుండి ఒకటి బయలుదేఱుట మఱింత వింత. మాసపత్రికకు లావు శీర్షికల యవసరము అంతగా లేదు. ఇంటికి వచ్చిన పత్రికను చందాదారుడు తీరికగా చదువుకొనును. వారపత్రిక వచ్చుటతో స్థితి మాఱెను. 1922లో నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామనరసింహారావుగారు నీలగిరి పత్రికను, ఓరుగల్లు సీమయందలి ఇనుగుర్తి గ్రామమునుండి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రికను ఆరంభించిరి. సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అను ఆ సోదరులిరువురు ఒక పల్లెయందు అచ్చుయంత్రమును నిలిపి నడపిన సాహసము నేటికిని ఆశ్చర్యము గొల్పును. అదే 1922లో చికాగో నగరమున ఆస్వల్డు కూపర్ అను చిత్రకారుని చేతినుండి కూపర్ బ్లాక్ అను మిక్కిలి లావైన గుండ్రని సెరిఫు టైపు వెలువడి అమెరికా ప్రకటనలను ముంచెత్తుచుండెను. అచ్చట లావునకు హద్దు లేదు. ఇచ్చట ఉన్న ఒక్క టైపునే పొదుపుగా వాడుకొనవలసిన దినములు.

1926 మే 10వ తేదీన హైదరాబాదునుండి గోలకొండ పత్రిక వెలువడెను. దాని సంపాదకుడు సురవరము ప్రతాపరెడ్డిగారు 1896లో బోరవెల్లియందు జన్మించి, అలంపురపు చేరువనున్న ఇటిక్యాలపాడు తమ స్వగ్రామముగా గలవారు. రెడ్డి హాస్టలునకు పర్యవేక్షకులు. వనపర్తి సంస్థానమునందలి రాయణిపేటలో పుట్టి నగరపు కొత్వాలైన రాజబహదూరు వేంకటరామారెడ్డిగారి ప్రోత్సాహము వెనుక నుండెను. అర్ధవారపత్రికగా వారమునకు రెండుమార్లు వెలువడు పత్రికకు శీర్షిక విలాసము కాదు, ప్రాణము. పల్లెలో పత్రిక ఒకరి చేతినుండి మఱొకరి చేతికి పోవును. ఒకడు చదువ పదిమంది విందురు. ఆ చదువువాడు మొదట పెద్ద యక్షరములను బిగ్గరగా చదివి, వినువారు అడిగిన దానినే క్రింద సన్నని టైపులో వెదకును. ఆ విధముగా, కంఠము చేయుచుండిన పనిని లావు టైపు మరల కంఠమునకే అప్పగించెను. 1934లో ప్రతాపరెడ్డిగారు వెలువరించిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులకు చోటు దొరకెను. తెలంగాణమున కవులే లేరన్న మాటకు సమాధానముగా వచ్చిన ఆ సంచికకు కవుల పేర్లను ఎత్తిచూపుటయే ముఖ్యప్రయోజనము. అట్టి సంపుటమునకు శీర్షికాక్షరములతో ఎంత పనియో కంపోజింగు ఎఱిగినవారు ఊహించుకొనగలరు.

ఇక సభల కాలము. 1930లో జోగిపేటయందు ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన మొదటి ఆంధ్రమహాసభ జరిగెను. మఱుసటియేట నల్లగొండ జిల్లా దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావుగారి యధ్యక్షతన రెండవది. 1944లో భువనగిరియందు రావి నారాయణరెడ్డిగారి యధ్యక్షతన జరిగినది చరిత్రప్రసిద్ధము. సభయన్నచో కరపత్రము, గోడపత్రిక, ఆహ్వానము. గోడపత్రికకు వలసిన అరచేయి వెడల్పు అక్షరములను సీసమున పోసినచో మోయలేనంత బరువగును, చల్లారునప్పుడు ముఖము గుంటలు పడును. అందుచే అచ్చుకూటములు పెద్ద యక్షరములను గట్టికఱ్ఱపై చెక్కించుకొనుచుండెను. ఈ కఱ్ఱ యక్షరములు ఒక్కొక్కటి ఒకటి రెండు ప్రతులకు మించి యుండవు. కావున సభాధ్యక్షుని పేరులో ఒకే యక్షరము మూడుమార్లు వచ్చినచో కంపోజిటరునకు కష్టకాలమే. ఒక పంక్తిని మఱొక పరిమాణమున కూర్చియో, బిరుదును కుదించియో ఆ గండము గడుపుకొనవలసియుండెను. నాటకముల కరపత్రములలో నాయకుని పేరు పెద్దది, నాయిక పేరు చిన్నది యగుటకు ప్రఖ్యాతి భేదమే కారణమని చదువరి యనుకొనును గాని, అక్షరముల కొఱతయు కొంత కారణమై యుండవచ్చును.

పాత జిల్లా ప్రెస్సుల కాగితములను పరిశీలించువారికి ఒక హెచ్చరిక చేయవలసియున్నది. అందు లావుగా కనిపించునదంతయు లావు టైపు కాదు. సీసము, తగరము, ఆంటిమొని కలిసిన ఆ లోహము ఎంత గట్టిదైనను ఏండ్ల తరబడి యొత్తిడికి అరిగి, ముఖము చదునై, గీత వెడల్పగును. అట్టి టైపుపై సిరా కొంచెము ఎక్కువ రుద్ది ట్రెడిలుపై వేసినచో సన్నని యక్షరమే బోల్డుగా పడును. క్రొత్త టైపు కొనలేని ప్రెస్సులలో పెండ్లి శుభలేఖలు, మార్కెట్టు రసీదులు, బడిపిల్లల ప్రశ్నపత్రములు ఇట్టి అరిగిన లావుతోనే వెలువడినవి. దీనిని చూచి ఫలానా యేట ఈ జిల్లాలో లావు టైపు వచ్చినదని వ్రాసిన పరిశోధకుడు మోసపోవును.

కంప్యూటరు వచ్చిన తరువాత ఈ యార్థిక కష్టము ఒక్కసారిగా తొలగిపోయెను. తూకము చొప్పున కొనవలసిన సీసము పోయి, ఎన్నిమార్లు వాడినను అరుగని అక్షరము వచ్చెను. మొదట డి.టి.పి. కేంద్రములవారు గుండ్రని టైపును యంత్రముచేత బలవంతముగా బలియించి, థకారపు చుక్కను పూడ్చి, వత్తులను మసిచేసి, ప్రెస్సులవారు వందేండ్లు శ్రమపడి నేర్చుకొన్న జాగ్రత్తలన్నిటిని మఱచిపోయిరి. వేఱుగ గీయబడిన శీర్షికా ఫాంట్లు తరువాత వచ్చినవి. 21వ శతాబ్ది రెండవ దశకమున సిలికానాంధ్ర సంస్థ ఉచితముగా విడుదల చేసిన తెలుగు ఫాంట్లలో పెక్కింటికి తెలుగు కవుల, పండితుల పేర్లు పెట్టిరి: గిడుగు, గురజాడ, ధూర్జటి, పెద్దన, తిమ్మన. వానిలో మిక్కిలి లావైనవానియందొకటి రామభద్ర. వార్తాపత్రికల శీర్షికలకును, గోడపత్రికలకును, ఆహ్వానపత్రికలకును పెద్ద పరిమాణమున వాడుటకై పురుషోత్ కుమార్ గుత్తులగారు రూపొందించినదానికి సురవరం అని పేరు. అర్ధవారపత్రికను నడపినవారి పేరు శీర్షికాక్షరమునకు పెట్టుట ఉచితముగానే యున్నది. పేర్లు పెట్టినవారు ఇంత ఆలోచించి పెట్టిరో లేదో గాని, ఆంధ్రుల సాంఘిక చరిత్ర వ్రాసిన ఆయన పేరును వ్యాసపు టైపునకు పెట్టినను కాదనువారు లేరు.

నేడు మహబూబ్‌నగరపు వీథులలో లావు అక్షరము ఫ్లెక్సీలపైకి ఎక్కినది. పుట్టినరోజు శుభాకాంక్షలు, నాయకుల స్వాగతములు, కోచింగు కేంద్రముల ఫలితములు, బోరుబావుల ప్రకటనలు అన్నియు అందే. అక్షరమునకు మూడు రంగుల అంచులు కట్టి, వెనుక నీడ వేసి, లోపలి తెల్లని యెడమును పసుపుతో నింపుట అచ్చటి ఆచారము. ఇంత చేసిన పిదప లావు ఎంతయో సన్నము ఎంతయో చూచువానికి అంతుపట్టదు. పాత చిక్కు మాత్రము వీడలేదు. కంప్యూటరు తనంతట తానుగా పంక్తుల నడుమ విడుచు ఎడము ఆంగ్లమునకు సరిపోవును గాని రెండు వత్తులు వ్రేలాడు తెలుగునకు చాలదు. రాష్ట్ర అని కూర్చినచో క్రింది రకారపు వత్తు సగము తెగిపోవును, లేదా తరువాతి పంక్తి తలకట్లలో చిక్కుకొనును. కావున ప్రెస్సువాడు పూర్వము పంక్తికిని పంక్తికిని నడుమ చొప్పించుచుండిన సీసపురేకునకు బదులుగా, డిజైను చేయువాడు ప్రతి శీర్షికకును పంక్తుల యెడమును చేతితో పెంచుకొనుచున్నాడు. పెంచుట మఱచిన ఫ్లెక్సీలు న్యూటౌను కూడలిలో ఎన్నియైనను కనబడును.